కడియపులంక గేదె

ఇంకొకరు నడిపే బండిలో కూర్చుంటే అప్పాజీగారి కుడికాలు ఊరుకోదు. ఆటో కానివ్వండి, బావగారి కారు కానివ్వండి, మలుపు వచ్చిందంటే చాలు, ఆ కాలు అక్కడ లేని బ్రేకు కోసం నేలని అదిమి పట్టేస్తుంది. ఇక కునుకు తీయడమన్న ఊసే లేదు. రాజమండ్రి డిపోలో ముప్పై రెండేళ్లు బస్సు నడిపి, 2006లో రిటైరైన మనిషి మరి. ఆ ముప్పై రెండేళ్లలో ఆయన బండి రోడ్డు దిగింది ఒక్కసారే. అమలాపురం బస్సుకి కడియపులంక దగ్గర గేదె అడ్డొస్తే, దాన్ని తప్పించబోయి నర్సరీలోకి దించేశారు. మందార మొక్కలు నలిగాయి గానీ గేదెకీ, జనానికీ గీత కూడా పడలేదు. ఈ కథ చెప్పకుండా వాళ్లింట్లో ఏ పెళ్లి భోజనమూ ముగియలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ గేదెకి కొమ్ములు ఇంకాస్త పెరిగేవి.

అలాంటాయన ఇంటికి, రిటైరైన నెలకే, మేనకోడలు హైమ యూనిఫాం పెట్టె పట్టుకుని దిగింది. అక్కయ్య అలివేలుమంగగారికీ, భీమవరంలో రొయ్యల మేత వ్యాపారం చేసే బావగారు జగన్నాథరాజుగారికీ కూతురు. విమానం నడపడం నేర్చుకుని, రెండే రెండు విమానాలున్న ఓ చిన్న కంపెనీలో కొత్తగా కో-పైలట్‌గా చేరింది. ఆ రెండింట్లో ఒకటి మధురపూడి విమానాశ్రయం నుంచి హైదరాబాద్ వెళ్లొస్తుంది. అందుకని ఆ పిల్లని రాజమండ్రిలోనే ఉండమన్నారు. దానవాయిపేటలో మావయ్య ఇల్లుండగా ఇంకో ఇల్లెందుకు? భార్య పోయాక నాలుగేళ్లుగా బోసిపోయిన ఆ ఇంట్లో మళ్లీ ఇద్దరికి వంట మొదలైంది.

వంటైతే మొదలైంది గానీ, విమానం మాత్రం మొదలవలేదండి. పాత పైలట్లు వాళ్ల సీనియారిటీ కొద్దీ మంచి ట్రిప్పులు ఏరుకోగా, కొత్తవాళ్లకి మిగిలేది రిజర్వు డ్యూటీ. పొద్దున్న ఐదు నుంచి సాయంత్రం ఐదు దాకా ఇంట్లోనే ఉండాలి. ఫోన్ మోగితే రెండో రింగుకి ఎత్తాలి. గంటన్నరలో విమానాశ్రయంలో ఉండాలి. ఎవరికైనా జ్వరమొస్తేనే పిలుపు. ఎవరికీ ఏమీ రాకపోతే ఆ రోజు అలాగే గడిచిపోతుంది.

జగన్నాథరాజుగారికి ఇది ఎంతకీ మింగుడు పడలేదు. ఇంట్లో కూర్చోబెట్టి జీతమిచ్చే కంపెనీ ఎక్కడైనా ఉంటుందా, పిల్లని వదిలించుకునే ఎత్తు కాకపోతే అని రోజూ ఫోన్లో రుసరుసలాడేవారు. ఆయనకి నచ్చజెప్పే పని అప్పాజీగారి మీద పడింది. ఎగిరినా ఎగరకపోయినా నెలకి యాభై గంటల జీతం గ్యారంటీ అనీ, అంతకు మించి ఎగిరితే ఆ పైగంటలకి వేరే ఇస్తారనీ, మొదటి ఏడాది గంటకి రేటు తక్కువే అయినా ఏడాదికేడాదికీ పెరుగుతుందనీ విడమరిచి చెప్పేవారు. "మా డిపోలో స్పేర్ డ్యూటీ అంటాం బావగారూ. పదకొండు నెలలు నేనూ స్పేరే. ఎవరూ నన్ను వదిలించుకోలేదు కదండీ," అనేవారు.

పైకి అలా అన్నా, లోపల ఆయనకీ గుబులే. కారణం కంపెనీ రూలు. విమానం నడపకుండా తొంభై రోజులు గడిచిపోతే ఆ పైలట్‌ని మళ్లీ ట్రైనింగ్‌కి పంపాలి. ఆ ట్రైనింగ్ క్యూ ఐదారు నెలలుంది. ఈలోగా జీతం ఆగుతుంది, ఉద్యోగం ఖాయం కావడమూ ఆగుతుంది. హైమ చివరిసారి విమానమెక్కి డెబ్బై తొమ్మిది రోజులైంది. నెలాఖరుకి తొంభై నిండుతాయి. ఆ పిల్ల గోడ మీది క్యాలెండర్ వంక చూడటం మానేసింది.

అప్పుడొచ్చింది అప్పాజీగారికి బ్రహ్మాండమైన ఆలోచన. డిపోలో తెలివైన స్పేర్ డ్రైవర్ ఇంట్లో పడుకోడు. తెల్లారకుండానే వచ్చి కంట్రోలర్ కిటికీ ఎదుట బెంచీ మీద కూర్చుంటాడు. బస్సు ఖాళీ అయిందనగానే కంట్రోలర్ కంటికి ముందు ఆనేది అతనే. ఇదే మంత్రం మేనకోడలికీ ఉపదేశించారు. ఇంట్లోనే ఉండొచ్చని రూల్లో ఉంది కదండీ అని హైమ కాస్త నసిగింది గానీ, మావయ్య ఉత్సాహం ముందు నిలవలేకపోయింది. మర్నాడు ఐదింటికల్లా స్కూటర్ మీద తీసుకెళ్లి మధురపూడిలో దింపేశారు. ఆ మర్నాడూ అంతే. అలా ఐదు రోజులు.

ఆరో రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి హైమ ఫోన్ చేసింది. మాట తడబడుతోంది. రెండూ నలభై విమానానికి రావలసిన కో-పైలట్‌కి కడుపునొప్పట, తననే వెళ్లమన్నారట. అప్పాజీగారు కుర్చీలోంచి లేచిన లేవడం బనీను మీదే వీధిలోకొచ్చి పడ్డారు. ఎదురింటివాళ్లకి చెప్పారు, పాలవాడికి చెప్పారు, భీమవరం ఫోన్ చేసి అక్కయ్యకి చెప్పారు. అలివేలుమంగగారు ఏడుస్తూనే కారు తీయించారు.

సరిగ్గా గంటా పది నిమిషాలకి హైమ ఆటోలో ఇంటికొచ్చేసింది.

జరిగింది ఇది. కెప్టెన్ ఉదయ్‌భాస్కర్‌గారు విమానమెక్కే ముందు మామూలుగా అడిగారట, ఎప్పుడొచ్చావమ్మా అని. పొద్దున్న ఐదింటికి అని ఈ పిల్ల నిజం చెప్పింది. ఆయన వాచీ చూసుకున్నారు. విమానాశ్రయంలో కూర్చున్నదంతా డ్యూటీ కిందికే వస్తుంది, డ్యూటీ పన్నెండు గంటలు దాటకూడదు. ఐదింటి నుంచి పన్నెండు గంటలంటే సాయంత్రం ఐదు. విమానం తిరిగి దిగేది ఐదున్నరకి. అరగంట దాటిపోతుంది, కాబట్టి కుదరదన్నారు. ఇంట్లో హాయిగా పడుకుని ఉంటే ఈ విమానం నువ్వే నడిపేదానివమ్మా అని కూడా అన్నారట, నొచ్చుకుంటూనే.

"ఇప్పుడే వచ్చానని చెప్పాల్సిందా మావయ్యా?" అంది హైమ, షూ విప్పకుండానే గడప మీద కూలబడి. "అరగంటకి ఏమవుతుందండీ?"

అప్పాజీగారు లోపలికెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మళ్లీ వచ్చి ఆమె పక్కనే గడప మీద కూర్చున్నారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఏ పెళ్లి పంక్తిలోనూ అనని మాట అప్పుడు అన్నారు.

"గేదె లేదు అమ్మలూ."

హైమకి అర్థం కాలేదు.

"కడియపులంకలో గేదె లేదు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి కిటికీ ముందు కూర్చున్నాను ఆ రోజు. సాయంత్రం ఐదున్నరకి అమలాపురం బస్సిచ్చారు. ఒద్దనలేదు, పోటీపడి మరీ తీసుకున్నాను. నర్సరీల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూతపడ్డాయి. ఒక్క రెప్పపాటు. తెరిచేసరికి అద్దం ముందు మందార మొక్కలు. నలభై ఒక్కమంది జనం బండిలో. నర్సరీ బదులు అక్కడ కాలవ ఉండి ఉంటే... గేదె అని రాసిచ్చాను. అందరూ మెచ్చుకున్నారు. నువ్వు నిజం చెప్పావు, నా దిక్కుమాలిన సలహా వల్ల విమానం పోగొట్టుకున్నావు. చెప్పడం మంచిదైంది తల్లీ."

ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుంది. భీమవరం నుంచి బయల్దేరిన కారుని తణుకు దగ్గర ఆపించి వెనక్కి పంపే పని కూడా తనే చూసుకుంది.

ఇంక ఐదే రోజులు. మర్నాటి నుంచి ఆ ఇంటి తీరు మారిపోయింది. స్పేర్ డ్యూటీ అంటే నిద్రపోవడమే అని కొత్త సూత్రం కట్టారు అప్పాజీగారు. కాలింగ్ బెల్ తీగ పీకేశారు. కుక్కర్ కూత వేస్తుందని గిన్నెలో అన్నం వార్చారు. కూరగాయలబ్బాయి కేక అందుకునేలోపే వీధి మొదట్లో ఎదురెళ్లి వంకాయలు కొనేసేవారు. ఫోన్‌కి సిగ్నల్ ఉందో లేదో గంటకోసారి చూసేవారు. యూనిఫాం ఇస్త్రీ చేసి తలుపుకి తగిలించారు. షూ గుమ్మం వైపు తిప్పి పెట్టారు. హైమ పడుకుంటే ఆయన మేలుకున్నారు, పగలూ రాత్రీ. ఒక్క రోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఎవరికీ చీమ కుట్టలేదు, ఎవరికీ జ్వరం రాలేదు. పరాయి పిల్లల ఆరోగ్యం చూసి ఇంతగా బాధపడటం పాపమే గానీ ఏంచేస్తాం అని ఆయన దేవుడికి చెప్పుకున్నారు.

నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండూ యాభైకి ఫోన్ మోగింది. రెండో రింగు మోగనే లేదు. లోపల్నుంచి "వస్తున్నాను సార్" అన్న మాట వినబడింది, ఆ వెంటనే గదిలోంచి ఒక్క గెంతు చప్పుడు.

ఈసారి ఆయన వీధిలోకి పరిగెత్తలేదు. స్కూటర్ తీశారు. తొందరగా పోనీయండి మావయ్యా అని వెనకనుంచి పిల్ల వీపు మీద గుద్దుతున్నా, టైముంది అంటూ నిదానంగా నడిపి ముప్పై ఆరు నిమిషాల్లో దింపారు. కెప్టెన్‌గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఇప్పుడే, నిద్రలేచి వచ్చాను అని హైమ చెప్పింది. ఆయన నవ్వి, సంతకం పెట్టమని పుస్తకం తిప్పారు.

హైమ ఉద్యోగంలో చేరినప్పుడు కంపెనీవాళ్లు మావయ్య పేరిట రాసిచ్చిన కుటుంబ పాసు ఒకటుంది. చివర్లో సీటు మిగిలితేనే దానికి చోటు. అంటే టికెట్లలో స్పేర్ అన్నమాట. అప్పాజీగారు కౌంటర్ దగ్గర నిలబడే ఉన్నారు. సీటు మిగిలింది, రానూ పోనూ.

వెళ్లేటప్పుడు నడవ పక్క సీటు. విమానం పరుగందుకున్నప్పటి నుంచి హైదరాబాద్‌లో దిగేదాకా ఆయన కుడికాలు నేలని అదుముతూనే ఉంది. తెల్లబోయిన పక్కాయన రెండుసార్లు తొంగి చూశాడు కూడా. ఈ ప్రయాణంలో మావయ్యకి కిటికీ సీటు దొరకలేదని హైమకి తెలిసి, తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కనే కూర్చోబెట్టమని చెప్పించింది. దిగే ముందు ఎడమవైపు గోదావరి మొత్తం కనబడుతుంది, రైలు వంతెనలూ లంకలూ అన్నీ, కళ్లు తిప్పుకోవద్దండీ అని కబురు కూడా పంపింది.

మధురపూడిలో దిగేసరికి భీమవరం కారు వచ్చి ఉంది. ఈసారి దారిలో ఎవరూ వెనక్కి తిప్పలేదు. జగన్నాథరాజుగారు కూతుర్ని యూనిఫాంలో చూసి, జేబురుమాలు వెతుక్కోవడానికి అటు తిరిగారు. అందరూ దిగారు గానీ అప్పాజీగారు దిగలేదు. చాలాసేపటికి మెట్ల మీద కనబడ్డారు. జుట్టు రేగిపోయి ఉంది, చెంప మీద సీటు గుడ్డ అచ్చు పడింది.

హైమ పరిగెత్తుకుంటూ ఎదురెళ్లింది. "గోదావరి చూశారా మావయ్యా? మబ్బు కూడా లేదు."

"లేదు అమ్మలూ," అన్నారు ఆయన, కళ్లు నులుముకుంటూ. "నిద్రపోయాను. ఎక్కినవాణ్ణి ఎక్కినట్టే నిద్రపోయాను. ఎయిర్ హోస్టెస్ అమ్మాయి వచ్చి భుజం తట్టి లేపింది."

హైమ ఆయన కుడికాలి వంక చూసింది. తర్వాత, అంతమంది చూస్తుండగా, టోపీ తీసి చంకలో పెట్టుకుని ఆయన్ని గట్టిగా పట్టేసుకుంది.