కర్టెన్ మీద పెద్దక్క ఊపిరి

నేరపరిశోధన ల్యాబులో ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. రక్తపు మరక ఏ గ్రూపో తేల్చడం ఆమె పని. కత్తెర పట్టేముందు దేవుణ్ణి తలుచుకునేది, గుడ్డ మీది దుమ్మును ఉఫ్‌మని ఊదేది, ఆ తర్వాతే మరకను కత్తిరించేది. గ్రూపు పరీక్షకు ఆ ఊపిరి వల్ల వచ్చే నష్టమేమీ ఉండేది కాదు.

అలాంటి చోటికి డీఎన్‌ఏ మిషను వచ్చింది. దాన్ని నడపడం నేర్చుకొచ్చిన కొత్త అధికారిని పెద్దక్క మొదటి రోజే తమ్ముణ్ణి చేసుకుంది. మొట్టమొదట పరీక్షించమని ఓ పాత కర్టెన్ అతని చేతిలో పెట్టింది. ఎవడో ఓ ఇంటి కిటికీ అద్దం పగలగొట్టి, చెయ్యి కోసుకుని, రక్తం ఆ కర్టెన్‌కే తుడిచి నగలు ఎత్తుకుపోయాడు. ఆ మరకదీ, పక్కింట్లో పనిచేస్తున్న తాపీమేస్త్రీదీ ఒకటే గ్రూపని తేల్చింది ఆమే. ఊళ్లో ఇంకెంతోమందిది అదే గ్రూపని రాసినా, మేస్త్రీని జైల్లో పెట్టారు. అతని భార్య వచ్చి ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చుంటే, పెద్దక్క తన టీలో సగం ఆమెకు పోసేది.

ఫలితం తికమకగా వచ్చింది. మరకలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి! రెండూ కలిసిపోయి ఎవరిదేదో విడదీయడానికి లేదు.

“ఇంకేముంది, మొగుడూ పెళ్లాం కలిసే దూరుంటారు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. బెంచీ మీద ఆవిడ ముఖం పాలిపోయింది.

పెద్దక్కకు తన ఉఫ్ గుర్తొచ్చింది. ఊదినప్పుడు నోటి తుంపర్లు మరక మీద పడే ఉంటాయి.

“తమ్ముడూ, ముందు నా బుగ్గలో దూదిపుల్ల తిప్పి చూడు.”

“నువ్వా అక్కా! నగలెక్కడ దాచావేంటి?”

“నీ పెళ్లికి పెడతాలే. చూడవయ్యా ముందు!”

చూస్తే ఆ ఆడమనిషి పెద్దక్కే. డైరెక్టరుగారు పడీపడీ నవ్వారు. “ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మన మిషను పట్టేసిందమ్మా!”

పెద్దక్క ముక్కూ నోరూ కట్టుకుని, దేవుణ్ణి లోలోపలే తలుచుకుని, తన ఊపిరి తగలకుండా మడత లోపల ఉండిపోయిన మరక అంచు కత్తిరించింది. ఈసారి ఒక్క మగమనిషే తేలాడు. వాడు మేస్త్రీ కాడు.

విడుదలైన మేస్త్రీ, భార్యతో కలిసి దణ్ణం పెట్టడానికి వచ్చాడు. గుమ్మం దగ్గర పెచ్చులూడిన మెట్టు చూసి, వద్దంటున్నా వినకుండా మర్నాడే సిమెంటుతో దిగాడు. పని మధ్యలో అతని కంట్లో నలుసు పడింది.

“నలపకు నాయనా, ఆగు,” అని పెద్దక్క రెప్ప ఎత్తి ఉఫ్‌మని ఊదింది.

“అక్కా, మాస్కు!” లోపల్నుంచి అరిచాడు తమ్ముడు.

“ఇక్కడ ఊదితే పుణ్యమేలే, నీ పని చూసుకో!”