రెండు బోర్ల నీళ్ళు

ఎమ్మెస్సీనా, పీహెచ్‌డీనా? ఆ సాయంత్రం ఐదింటిలోగా ఏదో ఒకటి ఆన్‌లైన్‌లో లాక్ చెయ్యాలి. కెమిస్ట్రీ డిగ్రీ అవగానే ఒకే యూనివర్సిటీలో నాకు రెండింటికీ సీటొచ్చింది. ఎమ్మెస్సీ అయితే రెండేళ్ళు, ఎమ్మెస్సీ కూడా కలిసిన పీహెచ్‌డీ అయితే ఐదేళ్ళు. అవనిగడ్డలో నర్సుగా చేసే అమ్మది ఒకటే మాట, "రెండేళ్ళు చదివి ఉద్యోగంలో చేరు." నాకూ అదే నయమనిపించింది. ఒక్క ప్రశ్న పట్టుకుని ఐదేళ్ళు వేలాడే ఓపిక నాకెక్కడిది? పాలు పొంగేదాకా కూడా పొయ్యి దగ్గర నిలబడలేను.

మధ్యాహ్నం పాలకాయతిప్ప దారిలో ఉన్న మావయ్య పొలానికి వెళ్ళాను. వరస కలిపి పిలవడమే గానీ ఆయన చుట్టం కాదు, మా వీధి రైతు. నారుమడికి ఏ బోరు నీళ్ళు పనికొస్తాయో నాలుక మీద వేసుకుని చెప్పేస్తారు. కాలేజీలో అడిగి తెచ్చుకున్న ఉప్పు కొలిచే మీటరుతో ఆయన్ని ఓడించాలని నా సరదా.

రెండు బోర్ల నీళ్ళూ గ్లాసుల్లో పట్టాను. మీటరు రెండింటికీ ఒకే అంకె చూపించింది.

"రెండూ ఒకటే మావయ్యా," అన్నాను గొప్పగా.

ఆయన ఒకటి చప్పరించి మింగారు. రెండోది ఉమ్మేశారు. "ఇది నారుకి పడదమ్మా."

"మీటరు అబద్ధం చెబుతుందా?"

ఆయన నన్ను మడి దగ్గరికి తీసుకెళ్ళారు. ఓ పక్క నారు పచ్చగా ఉంది. ఉమ్మేసిన బోరు నీళ్ళు పెట్టి చూసిన పక్క ఆకుల కొసలు ఎండిపోయాయి.

ముందు నాకు ఒళ్ళు మండింది. ఆ వెంటనే వంగి ఎండిన కొసలు పట్టుకు చూశాను. మొత్తం ఉప్పు ఒకటే అయితే తేడా ఎక్కడుంది? అందులో ఏ రకం ఉప్పు ఎంతుందో మీటరుకి తెలియదు, మరి నాలుకకెలా తెలిసింది? ఆనందం పట్టలేక గట్టు మీద అటూ ఇటూ తిరిగాను. సిగ్నల్ దొరికిన చోట నిలబడి పీహెచ్‌డీ లాక్ చేసేసి, అమ్మకి ఫోన్ చేశాను.

అమ్మ ఒకటే అడిగింది. "ఐదేళ్ళు ఉండగలవా నువ్వు?"

"ఐదేళ్ళూ ఉంటానమ్మా. ఇప్పుడే మొదలుపెట్టెయ్యాలనుంది."

"సరే, ఆదివారం చర్చిలో నీ కోసం ప్రార్థన చేయిస్తాను."

మావయ్య గ్లాసులు మళ్ళీ నింపి, తారుమారు చేసి నా చేతికిచ్చారు. "ఏది ఏ బోరుదో చెప్పు."

రెండూ రుచి చూశాను. మళ్ళీ చూశాను. తెలియలేదు.

"ఐదేళ్ళు చాలవేమోనమ్మాయ్," అన్నారాయన.