గబ్బిలాలు ఏరిన గింజలు

మూడు నెలల పరిశోధనను పావుగంటలో, అదీ స్టీలు గ్లాసుల్లో పోసి స్వహస్తాలతో పంచిపెట్టి నాశనం చేసుకున్నవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే. చెబుతాను, నవ్వుకోండి. నాకేం కొత్త కాదు.

డెబ్బైల చివర్లో అరకు కొండల్లో ఒక గూడేనికి చేరాను. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినవాళ్ళ గురించి విన్నారు కదా, నేను గబ్బిలం తోక పట్టుకుని డాక్టరేటు ఈదబోయాను. వాటికి చెప్పుకోదగ్గ తోక కూడా లేదు. అవి కాఫీ పంట తినేస్తున్నాయని తోటల ఆఫీసరు వాటి గుహకి పొగ పెట్టించబోతున్నాడు. గబ్బిలం పండు గుజ్జు మాత్రం చప్పరించి గింజ ఉమ్మేస్తుందని, పంట ఎక్కడికీ పోదని రుజువు చేసి వాటి ప్రాణాలు కాపాడాలని నా ప్రతిజ్ఞ.

రోజూ మునిమాపువేళ టార్చికి ఎర్రకాగితం చుట్టి వాటి వెంట పరిగెత్తేవాణ్ణి. అవి ఆకాశంలో, నేను గెడ్డ నీళ్ళలో. అలా పడుతూ లేస్తూ, అవి వాలిన చెట్ల కింద గింజలు ఏరి, కడిగి, నాకు చోటిచ్చి వండిపెడుతున్న సుక్రమ్మ వాకిట్లో ఎండబెట్టాను. చివరికి చేటెడు పోగయ్యాయి. ఇన్ని గింజలెందుకు బాబూ అని ఆవిడ ఒకసారి అడిగింది.

"సైన్సులే అమ్మా. నీకర్థం కాదు" అన్నాను.

నన్ను ముంచింది ఈ మాటే.

రుజువు చూడ్డానికి మా ప్రొఫెసరుగారు, ఆఫీసరు జీపులో దిగారు. జీపు వెనక గూడెమంతా దిగింది. నేను గొప్పకి పోయి, అందరికీ మంచి కాఫీ పెట్టమని సుక్రమ్మని పురమాయించి, పెద్దలిద్దరికీ గుహ చూపించి తీసుకొచ్చాను. కాఫీ నా చేత్తోనే అందించాను. ఆఫీసరు రెండు గ్లాసులు తాగి, ఇంత మంచి గింజ తన తోటలో ఏ మూల పండుతోందని ఆరా తీశాడు. ప్రొఫెసరుగారు నమూనాలు తెమ్మన్నారు. వెళ్ళి చూస్తే చేట ఖాళీ.

"అమ్మా, గింజలేవీ?"

"దంచి, ఏయించి కాఫీ ఎట్టీసినాను. మంచిది ఎట్టమన్నావు కదేటి? గబ్బిలాయి బాగా పండిన కాయే ముడతాది బాబూ, గుజ్జు తినేసి గింజ ఊసేత్తాది. ఇంట్లోకి మేం ఏటేటా అయే ఏరుకుంటాం. నువ్వూ కాఫీకే ఏరుతున్నావనుకున్నాను."

నేను ఒళ్ళు హూనం చేసుకుని కనిపెట్టింది ఆవిడ వంటింటి కబురు. పిల్లని చంకలో పెట్టుకుని సంతంతా వెతికారంటారు. నేను ఆ పిల్లని "నీకర్థం కాదు" అని కసిరి మరీ వెతికాను.

ఆఫీసరు అంతా విన్నాడు. గ్లాసులోకి చూశాడు. ఉమ్మడానికి ఆలస్యమైపోయింది, మెచ్చుకున్నది వెనక్కి తీసుకోవడానికి మరీ ఆలస్యమైంది. పొగ మాట మళ్ళీ ఎత్తలేదు. గబ్బిలాలు బతికాయి, నా సైన్సు వల్ల మాత్రం కాదు.

"నమూనాలేవయ్యా?" అన్నారు ప్రొఫెసరుగారు.

"తమరు తాగినవేనండి."

ఆయన గ్లాసు కిందపెట్టారు. "వచ్చే కాపుకి మళ్ళీ ఏరు. ఈసారి ఆవిణ్ణి అడిగి ఏరు."

అందుకే ఆ ఖాళీ చేట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో ఎవరితోనూ "నీకర్థం కాదు" అనను. తప్పక అనాల్సివస్తే, ముందు నా గింజలు దాచుకుని అంటాను.