నొప్పిని నమ్మిన డాక్టరమ్మ

మొన్న ఆదివారం పొద్దున్నే డాక్టరమ్మ పోయారని ఫోన్ వచ్చింది. నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్‌కు రెండు వీధుల అవతలే వాళ్లిల్లు. చెప్పులు వేసుకుంటూనే ఏడ్చాను.

ఆమె మొదట మత్తు డాక్టరు. ఆపరేషన్ బాగా జరిగినా నెలల తరబడి నొప్పితో తిరిగొచ్చే వాళ్లను చూసి, "నిద్రపుచ్చుడు నేర్చిన, లేచినంక ఏం జేయాల్నో నేర్వలె" అనుకున్నారట. నలభై దాటాక వేరే ఊరెళ్లి, తనకంటే చిన్నవాళ్ల దగ్గర నొప్పి వైద్యం చదువుకున్నారు. తిరిగొచ్చి హైటెక్ సిటీలో ఓ ఆస్పత్రిలో చేరితే, "నొప్పికి బిళ్ల చాలదా, డాక్టరెందుకు?" అని తోటివాళ్లు ఆటపట్టించారు. లిఫ్టు పక్కన ఇరుకు గది ఇచ్చారు. కొన్నాళ్లకు కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చోవలసి వచ్చింది!

పేషెంట్లను పిలవడానికి నర్సును పంపేవారు కాదు. తనే గుమ్మంలోకి వచ్చి, మనిషి కుర్చీలోంచి ఎలా లేస్తున్నాడో చూసేవారు. సగం రోగం అక్కడే తెలుస్తుందనేవారు.

నేను మెట్రో మెట్ల మీద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. ఎముక అతికింది, మంట మాత్రం పోలేదు. ఫ్యాను గాలి తగిలినా నిప్పు అంటుకున్నట్టుండేది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. నొప్పంతా నా మనసులోనే ఉందని ఇంట్లోవాళ్లు అనుమానించారు.

"నిజంగానే నొప్పండి, నటన కాదు," అన్నాను డాక్టరమ్మ గదిలోకి వెళ్లగానే.

"కాదని నేనన్ననా బిడ్డా? నొప్పి అబద్ధం చెప్పదు. జర ఎక్కువ చేసి చెప్తది, గంతే. తగ్గినంక ముందుగాల ఏం జేస్తవ్?"

"మా పాపకు జడ వేస్తానండి."

మందులిచ్చి ఊరుకోలేదు. చేతికి మళ్లీ స్పర్శ అలవాటు కావాలని మొదట దూదిని తాకించారు, తర్వాత తువ్వాలును, ఆ తర్వాత చేతిని బియ్యంలో పెట్టించారు. ఏడిస్తే ఆగేవారు, మానేస్తానంటే కోప్పడేవారు. "చెయ్యిని చుట్టం లెక్క కూసోబెట్టకు, పని చెప్పు" అనేవారు.

చివరికి ఓ పొద్దున జడ వేశాను. వంకరగా వచ్చింది. పాప అలాగే బడికి వెళ్తానంది. ఆ జడను ఫోటో తీసి చూపిస్తే, డాక్టరమ్మ జూనియర్లందరినీ గదిలోకి పిలిచారు. "చూడుండ్రి, రిపోర్టు అంటే ఇదీ!" అని నవ్వారు. నా ఆనందం చెప్పలేను.

పాడె ఎత్తే వేళ నేను ముందుకు వెళితే, బంధువుల్లో ఒక పెద్దాయన ఆడవాళ్లు పట్టకూడదన్నారు.

"పట్టనియ్యి బాబాయ్," అన్నారు ఆమె భర్త. "తను బాగుజేసిన గా చేతితోని మోస్తె, ఆమెకు ఇంతకన్న ఏం గావాలె?"

కుడిచేత్తోనే పట్టుకున్నాను. నా ముందు, ఒకప్పుడు నడుము వంచలేకపోయిన క్యాబ్ డ్రైవరు. అటుపక్క, భుజం లేవక బోర్డు మీద రాయలేకపోయిన టీచరమ్మ. అందరమూ ఆ లిఫ్టు పక్క గదిలోంచి వచ్చినవాళ్లమే. గేటు బయట ఆగిన బండి దాకా ఒక్కరమూ చెయ్యి మార్చుకోలేదు.