చింతలగట్టు సిస్టరమ్మ డిగ్రీ చదువు

చింతలగట్టు సర్కారు దవాఖానకు వచ్చేవాళ్లలో డాక్టరు పేరు తెలిసినవాళ్లు తక్కువ. డాక్టర్లు వస్తుంటారు, బదిలీ చేయించుకుని పోతుంటారు. దేవమ్మ సిస్టరు పేరు మాత్రం గద్వాల నుంచి మానవపాడు దాకా ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. ఆమె సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదని ఒకరంటే, ఆమె తిడితే మాత్రం ఏడాదిదాకా గుర్తుంటుందని ఇంకొకరంటారు. రెండూ నిజమే.

దేవమ్మది మానవపాడు దగ్గర చిన్న పల్లె. తండ్రి వెంకటన్న మేస్త్రీల వెంట మట్టిపనికి తిరిగిన వలస కూలీ. తను ఎన్ని ఊళ్లు తిరిగినా కూతురి నెత్తి మీద తట్ట పెట్టనివ్వలేదు. మిషన్ హాస్టల్లో చేర్పించి వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు, చూస్తే తీసుకుపోతానేమోనని భయపడి. ఆ పిల్ల నర్సింగు డిప్లొమా చేసి సర్కారు ఉద్యోగం సంపాదించిన నాడు వాడకట్టంతా ఇంకేం కావాలనుకుంది. దేవమ్మ కూడా కొన్నేళ్లు అట్లాగే అనుకుంది.

ఆ అనుకోవడం మహబూబ్‌నగర్‌లో జరిగిన ఒక ట్రైనింగులో పోయింది. అక్కడ పాఠం చెప్పే ఆమె ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడిగింది. ఈ ఇంజక్షను ఇక్కడే ఎందుకు, ఈ మందు ఇంత నెమ్మదిగా ఎందుకు. ఎట్లా చేయాలో దేవమ్మ చేతులకు బాగా తెలుసు. ఎందుకో మాత్రం తెలియదు. డిగ్రీ చదివిన చిన్నపిల్లలు గడగడా జవాబులు చెబుతుంటే, పదేళ్ల సర్వీసు పెట్టుకుని వెనక బెంచీలో తల వంచుకుని కూర్చుంది. ఆ అవమానం ఆమెకు మంచే చేసింది. ఉద్యోగం మానకుండా నర్సింగులో డిగ్రీ చేసే కోర్సు ఒకటి సార్వత్రిక విశ్వవిద్యాలయంలో ఉందని అక్కడే తెలుసుకుని, ఆ ఏడే చేరిపోయింది. అది రెండు వేల మూడో సంవత్సరం.

చేరడం తేలికే. చదవడమే మూడు చెరువుల నీళ్లు తాగించింది. పుస్తకాలు ఇంగ్లీషులో ఉండేవి, తరగతులు హైదరాబాదులో, అదీ ఆదివారాలు. దవాఖానకు ఆదివారం లేదు కాబట్టి తోటి నర్సు బాలమణితో ఒక ఒప్పందం చేసుకుంది. దేవమ్మ ఆదివారాల డ్యూటీ బాలమణి చూసుకుంటుంది, దేవమ్మ బాలమణికి దసరా, ఉగాది, బతుకమ్మ, ఇంకా ఆమె పుట్టింటి జాతరలన్నీ చూసుకుంటుంది. ఈ బేరంలో బాలమణికి నష్టమేమీ రాలేదు. ఆమెకు పండుగలు ఎక్కువ.

అత్త బుజ్జమ్మకు మాత్రం ఈ ఆదివారం చదువు మింగుడు పడలేదు. కోడలు ప్రార్థనకు రావడం లేదని చర్చిలో అందరూ అడుగుతున్నారాయె.

"దేవుడే ఆరు దినాలు పనిచేసి ఏడోనాడు కూసుండె. నీకు గా ఏడోనాడు కూడ కుదురు లేకపాయె" అంది ఒకనాడు సద్ది కడుతూ.

"దేవునికి పరీక్షలు లేవు గద అత్తా" అంది దేవమ్మ.

బుజ్జమ్మ నవ్వు ఆపుకుంటూ సద్దిలో ఇంకో జొన్నరొట్టె పెట్టింది. అలిగినా ఆకలికి ఓర్చే మనిషి కాదు, తనదైనా, ఎదుటివాళ్లదైనా.

మొగుడు జయరాజు ఆర్టీసీ కండక్టరు. ఇంట్లో ఉన్నప్పుడు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. రోగాల పేర్లు అతని నోట్లో పడి నానా తిప్పలు పడేవి. "గీ రోగం పేరు పలికేలోపల రోగి పోతడు" అనేవాడు. అయినా అడగడం మానలేదు. దేవమ్మ వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ జవాబులు చెప్పేది. రాతపరీక్షలన్నీ ఒక్కొక్కటే గట్టెక్కాయి. మిగిలింది ఒక్క ప్రాక్టికల్. అది తనకు మంచినీళ్ల ప్రాయమనుకుంది. అనుకోదా మరి, రోజూ చేసే పనేనాయె.

ఆ ప్రాక్టికల్ హైదరాబాదులోని ఒక పెద్ద దవాఖానలో పెట్టారు. వాంతులు, విరేచనాలతో వాడిపోయిన ఒక మనిషికి సెలైన్ ఎక్కించమన్నారు. నరాలు లోపలికి పోయి ఉన్నాయి. దేవమ్మ వేలితో తడిమి, ఒక్క పోటులో సూది ఎక్కించి, పట్టీ వేసింది. పరీక్ష చేసే మేడం మెచ్చుకోలుగా తల కూడా ఊపింది. సరిగ్గా అప్పుడే దేవమ్మ పక్కకు తిరిగి, మంచం దగ్గర నిలబడ్డ రోగి తమ్ముడి చేతిలో సీసా పెట్టింది.

"తమ్మీ, జర పైకి పట్టుకో. చెయ్యి దించకు" అంది.

అతను పాపం రెండు చేతులతో సీసా ఎత్తి పట్టుకున్నాడు. మంచానికి ఇటు పక్కన, దేవమ్మ భుజానికి తగిలేంత దగ్గరలో, సెలైన్ స్టాండు నిలబడి ఉంది. వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు.

"సిస్టర్, ఆ స్టాండు ఎందుకున్నట్టు?" అని అడిగింది మేడం.

"మా తాన గిట్లనే మేడం" అనేసింది దేవమ్మ.

"మీ దగ్గర సంగతి కాదు నేనడిగేది. మనిషి చెయ్యి ఎంతసేపు నిలుస్తుంది? కిందికి దిగితే ఏమవుతుంది?"

ఏమవుతుందో దేవమ్మకు తెలియదా? చెయ్యి వాలితే రోగి నెత్తురు వెనక్కి, గొట్టంలోకి ఎక్కుతుంది. చింతలగట్టులో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ పట్టుకున్నవాళ్లనే తిట్టింది. అది గుర్తొచ్చాక మేడం అడిగినవేవీ ఆమెకు తలకెక్కలేదు. ప్రాక్టికల్ తప్పింది.

కోర్సుకు ఇచ్చిన గడువు వచ్చే ఏటితో ముగుస్తుంది. మిగిలింది ఒకే ఒక అవకాశం. అదీ పోతే ఇన్నేళ్లుగా పాసైనవన్నీ నీళ్లలో కలిసినట్టే. రైలెక్కిన దేవమ్మకు మొదట కోపమొచ్చింది. స్టాండ్లున్న దవాఖానలో కూర్చుని మాట్లాడడం ఎవరికైనా వస్తుంది, మా ఊరికొచ్చి చేయమను చూద్దామని పళ్లు కొరుక్కుంది. ఇంటికొచ్చి ఆ మాటే జయరాజుతో అంది.

జయరాజు అంతా విని, "చెకింగోళ్లు బస్సెక్కి, టికెట్లు ఎందుకు కొట్టలేదంటే, మా బస్సుల గిట్లనే సారు అని నేనంటే ఊకుంటరా?" అన్నాడు.

దేవమ్మ మూతి తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయింది. మాట మాత్రం తగలాల్సిన చోట తగిలింది.

మర్నాడు డ్యూటీకి పోయింది. పుణె పనికి పోయి జ్వరంతో తిరిగొచ్చిన ఒక కూలీకి సెలైన్ ఎక్కుతోంది. పెళ్లాం చంకన పసిపిల్లను వేసుకుని, రెండో చేత్తో సీసా ఎత్తి పట్టుకుని నిలబడింది. చెయ్యి కిందికి వాలిపోతోంది. పిల్ల ఏడుస్తోంది, పాలివ్వడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. ఇట్లాంటివాళ్లను దేవమ్మ రోజూ చూస్తూనే ఉంది. ఆ రోజే మొదటిసారి సిగ్గేసింది. సీసా తను అందుకుని, "కూసో బిడ్డా, పిల్లకు పాలియ్యి" అంది.

స్టాండ్ల కోసం పైకి రాశామని, వస్తాయని డాక్టరు చెప్పాడు. దేవమ్మ అవి వచ్చేదాకా ఆగే మనిషి కాదు. ఊళ్లో గొర్రులకూ బండి ఇరుసులకూ అతుకులు పెట్టే కురుమూర్తిని పిలుచుకొచ్చింది. మంచాల వెనక గోడ పొడుగునా, మనిషి తలకంటే ఎత్తులో ఒక ఇనుప కమ్మి బిగించి, దానికి కొక్కేలు పెట్టమంది. కురుమూర్తి గోడను అటూ ఇటూ తట్టి చూసి, "సిస్టరమ్మా, ఎడ్లను కట్టినా ఊడది" అని హామీ ఇచ్చాడు. వార్డులో సీసాలన్నీ కొక్కేలకెక్కాయి.

అసలు తిప్పలు ఆ తర్వాత మొదలయ్యాయి. సీసా కొక్కేనికి వేలాడుతున్నా, బంధువులు లేచి నిలబడి దాన్ని పట్టుకునేవాళ్లు. "నేను పట్టకుంటే మావోనికి మందెక్కుతదా?" అని ఒక ముసలాయన కొట్లాటకే వచ్చాడు. తమవాళ్ల కోసం తాము చేయగలిగిన పని అదొక్కటేనని వాళ్ల నమ్మకం. దేవమ్మ తిట్టడం మాని, సీసా ఎత్తు ఎందుకో, చుక్క ఎట్లా పడుతుందో ఒక్కొక్కరికీ విడమరిచి చెప్పింది. ముసలాయనకైతే ఊళ్లోని నీళ్ల ట్యాంకుతో పోల్చి చెప్పింది. చెప్పగా చెప్పగా ఆ ‘ఎందుకు’లన్నీ ఆమె నోటికే వచ్చేశాయి. పుస్తకం దగ్గర నిద్రొచ్చిన పాఠాలు వార్డులో ఇట్టే బోధపడ్డాయి.

మరుసటి ఏడు ప్రాక్టికల్‌కు పోయినప్పుడు భయం లేకపోలేదు. ఉంది, దండిగా ఉంది. ఆ ఏడు ఆమెకు గుండెజబ్బు మనిషిని ఇచ్చారు. ఏం చేస్తున్నదీ, ఎందుకు చేస్తున్నదీ రోగికి చెప్పుకుంటూ చేసింది. మేడం ఇంగ్లీషులో అడిగింది. దేవమ్మ వచ్చినకాడికి ఇంగ్లీషులో చెప్పి, అది అయిపోయాక తెలుగులో అందుకుంది. పేజీ తిప్పినట్టు ఒక్కో ప్రశ్నా దాటిపోయింది. ఏమవుతుందో తెలియకుండానే రైలెక్కింది.

ఫలితాలొచ్చిన రోజు దేవమ్మ కాన్పుల గదిలో ఉంది. విత్తనాల కోసం వేసే సీడుపత్తి చేలో నొప్పులొచ్చిన ఒక పిల్లను తల్లి జమ్ములమ్మ ఆటోలో తెచ్చింది. తొలిచూలు. బాలమణి సెల్‌ఫోను పట్టుకుని తలుపు దగ్గరికొచ్చింది.

"దేవమ్మా, గద్వాల నెట్ సెంటరు కాన్నుంచి మీ ఆయన. చెప్పాల్నా?"

"ఇప్పుడొద్దక్కా. తల కనపడుతుంది" అంది దేవమ్మ.

ఇన్నేళ్ల కష్టం ఆ ఫోనులో ఉంది. అయినా చేతులు ఆ పిల్ల దగ్గరే ఉన్నాయి. కాన్పు సుఖంగా అయింది, ఆడపిల్ల. కేకపెట్టి ఏడ్చింది. బొడ్డు కోసి, తుడిచి, బట్టలో చుట్టాకే దేవమ్మ తలెత్తింది.

"పాసైనవ్. ఫస్టు క్లాసు" అంది బాలమణి. చెబుతూ తనే ఏడ్చింది.

దేవమ్మ గోడకు ఆనుకుంది. తట్టలు మోసిన తండ్రి, హాస్టలు, వెనక బెంచీ, అన్నీ ఒక్కసారే కళ్లలో తిరిగాయి. గర్వంగా అనిపించింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

సంగతేమిటని జమ్ములమ్మ అడిగింది. బాలమణి చెప్పింది. ఈ వయసులో చదువుకుని, పట్నంలో పరీక్ష రాసి, డిగ్రీ తెచ్చుకుందని. ముసలామె కొంగుముడి విప్పి, ఇంటినుంచి తెచ్చుకున్న చక్కెర గ్లాసులో వేసి నీళ్లు కలిపి, అందులో దూది ముంచి దేవమ్మకు అందించింది.

ఆ పక్క ఊళ్లలో అదొక ఆచారం. పుట్టిన బిడ్డ నోట్లో తొలిచుక్క ఎవరు వేస్తే వాళ్ల గుణమే వస్తుందంటారు. అందుకని ఎవరిచేత పడితే వాళ్లచేత వేయించరు. మేనమామో, ఊళ్లో పేరున్న ఇంటి పెద్దావిడో వేయాలి. కూలీల వాడలో పుట్టిన దేవమ్మను ఆ పని చేయమని అంతవరకూ ఎవరూ అడగలేదు.

"నువ్వే ఎయ్యి సిస్టరమ్మా. నా మనుమరాలికి నీ గుణం రావాలె. నీలెక్క సదువుకోవాలె" అంది జమ్ములమ్మ.

దేవమ్మకు ఒళ్లు పులకరించింది. విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా తర్వాత వస్తుంది, ఇది ముందే వచ్చింది. దూది తీసుకోవడానికి చెయ్యి ముందుకు పోయింది కూడా. పోయి, అక్కడే ఆగింది.

"అమ్మా, ఇంత మాటన్నవు. నాకు చాలు" అంది. దూదిని గ్లాసులోనే వదిలి, బిడ్డను ఎత్తి తల్లి పక్కలో పడుకోబెట్టి, చిన్న నోటిని రొమ్ముకు అందించింది. "నా గుణం రావాలంటవు గద, నా సదువు చెప్పేది గిదే. తొలిచుక్క ముర్రుపాలే పడాలె, చక్కెర నీళ్లు పడొద్దు. ఎందుకో చెప్త, ఇట్ల కూసో."

జమ్ములమ్మ గ్లాసు పక్కన పెట్టి కూర్చుంది.