తాళం అని రాసిన ఇల్లు

నమ్మకపోతే మానేయండి. కానీ చర్చిలో సాక్ష్యం చెప్పడానికి నిలబడ్డప్పుడు ఎంత నిజం చెప్తానో, ఇదీ అంతే నిజం. విజయా, నువ్వు నవ్వకు. ఇలాంటివి చెప్పేవాళ్లను చూసి మొన్నటిదాకా నేనూ నవ్వినదాన్నే.

జనగణన కోసం ఇళ్లు రాయడానికి టీచర్లని వేశారుగా. నాకు కోడూరు అవతల, సముద్రం వైపు ఓ ఊరు పడింది. ఇంటింటికీ వెళ్లాలి. గోడ ఏంటి, నేల ఏంటి, కప్పు ఏంటి అని అడిగి ఫోన్లో నొక్కాలి. ఇల్లు ఏ రకమో కూడా తేల్చాలి. మనుషులు ఉంటూ, ఎక్కడికో వెళ్లి తలుపేసుకుంటే ‘తాళం’. అలాంటి ఇంటికి మళ్లీ వెళ్లాలి. అసలెవరూ ఉండకపోతే ‘ఖాళీ’. దానికి మళ్లీ వెళ్లక్కర్లేదు.

ఆ రోజు చివరి ఇల్లు నాంచారమ్మది. చేపలమ్ముకునే మనిషి. అప్పటికే చీకటి పడింది. కరెంటు లేదు. దూరంగా రొయ్యల చెరువుల దగ్గర జనరేటర్లు డబడబమంటున్నాయి. దోమలు పీక్కుతింటున్నాయి. ఎప్పుడు బండెక్కి అవనిగడ్డలో మా ఇంటికి వెళ్దామా అని ఉంది నాకు. ఆమె ఇల్లు రాసేశాను. పక్కనే ఇంకో గది... వేరే తలుపుతో. వేరే తలుపు ఉంటే వేరే ఇల్లు కిందే లెక్క.

“ఇదెవరిదండీ?” అన్నాను.

“మా శ్రీనుదండీ. పెళ్లికని కట్టుకున్నాడు. ఒక్కడే పడుకునేవోడు.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఏటకెళ్లాడండీ.”

వేటకెళ్లి ఎన్నాళ్లయిందని అడిగాను. మెల్లగా చెప్పింది. పోయిన వానాకాలం సముద్రంలో పడవ తిరగబడింది. కూడా ఉన్న ఇద్దరూ ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. శ్రీను రాలేదు. శవం కూడా దొరకలేదు.

నా వేలు ‘ఖాళీ’ మీదకే వెళ్లింది.

ఆమె నా చెయ్యి పట్టేసుకుంది. “తాళం అని రాయండి టీచరుగారూ. తాళమే గదండీ ఉంది? ఖాళీ అంటే... ఇంక రాడనేగా.”

“అలా రాయకూడదమ్మా. ఎవరూ ఉండట్లేదుగా.”

తలుపు తోసి చూశాను. గొలుసుకు వేసిన తాళం బిగిసింది, తలుపు వేలెడంత వెనక్కి వెళ్లింది. సందులోంచి ఉప్పు వాసన... తడి వల వాసన. కిటికీకి తుఫానప్పుడు కొట్టిన మేకులు అలాగే ఉన్నాయి. చుట్టూ తిరిగి చూశాను. లోపలికి ఇంకో దారి లేదు.

“తాళం తీయండి. చూసి రాస్తాను,” అన్నాను.

ఆమెకి ఇష్టం లేదు. తాళంచెవి శ్రీను వెళ్తూ ఇచ్చినదట. కొంగున ముడేసుకుని తిరుగుతోంది. వాడే వచ్చి తీయాలని ఇన్నాళ్లూ తలుపు ముట్టుకోలేదు. చివరికి ముడి విప్పింది. నేను ఫోన్ లైటు పట్టుకున్నాను. తుప్పు పట్టిన తాళం... తిప్పుతోంది... తిరగదు... మళ్లీ తిప్పింది. కిర్రుమని ఊడింది. గొలుసు జారి తలుపుకు కొట్టుకుంది.

అప్పుడు... లోపల...

గడియ కదిలింది.

గాలి అని చెప్పకండి. ఆకు కూడా కదలట్లేదు. ఇనుప గడియ... తుప్పు మీద రాసుకుంటూ... మెల్లగా... క్రీ...చ్... అని జరిగి జరిగి... చివర టక్కుమంది. పక్కింటివాళ్లకి మెలకువ రాకుండా ఎవరో జాగ్రత్తగా పెట్టుకున్నట్టు.

మళ్లీ తోశాను. ఇందాక వేలెడు కదిలిన తలుపు... ఈసారి వెంట్రుకవాసి కూడా కదల్లేదు. భుజం పెట్టి తోశాను. ఊహూఁ. “యేసయ్యా” అన్న మాట ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

నాంచారమ్మ భయపడలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది. ఆమె తలుపుకు చెంప ఆనించింది.

“చిన్నప్పట్నించీ అంతేనండీ. గడియ పెట్టుకోందే నిద్ర పట్టదు ఆడికి.” తర్వాత లోపలికి వినపడేలా, “పడుకో నాన్నా... పడుకో,” అంది. అప్పుడు నా వైపు తిరిగింది. “చూశారుగా. ఖాళీ అంటారేంటండీ?”

బయట తాళం లేదు. లోపల గడియ ఉంది. దీన్ని ఏ రకం అనాలి? ‘తాళం’ అని నొక్కేసి బండెక్కాను. కోడూరు లైట్లు కనపడేదాకా వెనక్కి చూస్తే ఒట్టు.

ఉప్పుగాలికి చెక్క ఉబ్బి ఉంటుంది, గొలుసు తగిలిన అదురుకి గడియ జారి ఉంటుంది అన్నారు మా ఆయన. అయ్యుండొచ్చు. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను.

ఇవాళ పొద్దున నాంచారమ్మ ఫోన్ చేసింది.

“టీచరుగారూ, గడియ తీసుందండీ! తలుపు వేలెడు తెరుచుకుని ఉంది. లోపలికెళ్లి చూడమంటారా... మీరొచ్చిందాకా ఆగమంటారా?”

ఆ గొంతులో సంతోషం విని నాకు ఏడుపొచ్చింది. ఆ గదిలో ఎవరైనా ఉంటే నాకు భయం. ఎవరూ లేకపోతే ఆమె ఏమైపోవాలి? ఆగమన్నాను. “సరేనండీ” అంది. వాడికి అన్నం వండి పెట్టుకుని ఆ వాకిట్లోనే కూర్చుందట.

రేపు మళ్లీ వెళ్లాలి... తాళం అని రాసింది నేనేగా.