దర్జీ మునిరత్నం గోడమీది విమానాల పటం

ఈ రోజు మధ్యాహ్నం నగరి బజారులో మా దర్జీ మునిరత్నాన్ని చావగొట్టారు. అతనికి విమానాలంటే పిచ్చి. విమానాలు కొత్తగా వచ్చిన రోజుల్లో అచ్చయిన మద్రాసు రాష్ట్రం పటం ఒకటి అంగడి గోడకు అంటించుకున్నాడు. విమానాలు దిగే చోటల్లా అందులో ఎర్రటి విమానం బొమ్మ ఉంటుంది. జపాను బాంబులకు భయపడి చెన్నపట్నం నుంచి బంధువుల ఇంటికొచ్చిన ఒకాయన దాన్ని చూసి, "వీడు జపానోళ్లకు మన ఊరికి దారి సూపిస్తా ఉండాడప్పా!" అని అరిచాడు.

అంతే, బజారులో ఉన్నవాళ్లంతా అంగట్లోకి దూకారు. ఒకడు గజంబద్ద తీసుకొని మునిరత్నం ముఖం మీద కొట్టాడు. ముందుపళ్లు రాలి రక్తం కుట్టుమిషను మీద పడింది. నేను అడ్డం వెళితే నన్నూ కిందపడేసి తొక్కారు. అప్పుడు అతని భార్య రాజమ్మ నిప్పులున్న ఇస్త్రీపెట్టె ఎత్తుకొచ్చి, గజంబద్ద పట్టుకున్న చేతి మీద అదిమింది. వాడు పెట్టిన కేకకు గుంపు వెనక్కి తగ్గింది.

"మన ఊరికి దారి అంటిరే, ఆ పటంలో నగరి యాడుండాదో సూపించండ్రా!" అనింది రాజమ్మ.

చెయ్యి కాలినవాడితో సహా అందరూ గోడ దగ్గర చేరి వెతికారు. చిత్తూరు ఉంది, నగరి లేదు. ఒక్కొక్కరే బయటికి జారుకున్నారు.

ఇప్పుడే మునిరత్నానికి గంజి తాగించి ఇంటికొచ్చాను. నా పక్కటెముకలు ఇంకా సలుపుతున్నాయి. ఆ పటంలో నగరి పేరు ఉండి ఉంటే మునిరత్నాన్ని ప్రాణాలతో వదిలేవాళ్లా? మీరే చెప్పండి.